గురువారం ఫోను

అవతలి మనిషి పెట్టేదాకా తను ఫోను పెట్టకపోవడం మాణిక్యాంబకు ముప్పై ఏళ్ళ అలవాటు. కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ట్రంకు కాల్స్ కలిపే రోజుల్లో అది అలవాటు కూడా కాదు, ఉద్యోగ ధర్మం. పెళ్ళి కబురైనా చావు కబురైనా మాట పూర్తికాకుండా లైను తెగితే ఆ పాపం ఆపరేటరుదేనని ఆవిడ నమ్మకం. రిటైరయ్యాక కూడా, ప్లాటు కొంటారా, లోను కావాలా అని విసిగించేవాళ్ళతో సైతం "అలాగే బాబూ, ఉంటాను మరి" అని, వాళ్ళు పెట్టేదాకా ఫోను చెవి దగ్గరే ఉంచుకునేది. తమ్ముడు సోమసుందరం కసురుకుంటే, "వాడిదీ ఉద్యోగమేరా, మొహం మీద పెట్టేస్తే ఏం బావుంటుంది?" అనేది.

ఆ మర్యాదే ఆవిడ కొంప ముంచింది. అయితే తప్పంతా ఆ మర్యాద మీదికి నెట్టేస్తే సోమసుందరం చాలా సులువుగా బయటపడిపోతాడు. అసలు తప్పు అతనిది.

అతనికంటే ఆవిడ పదమూడేళ్ళు పెద్దది. తల్లి పోయేనాటికి అతనికి నాలుగేళ్ళు. చంకనెత్తుకుని పెంచింది, చదివించింది, తన పెళ్ళి మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు. అతను పెద్ద చదువులు చదివి, మెదడు మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటి ఆ ఊళ్ళోనే పెట్టాడు. అరవై ఆరో ఏట ఆవిడకు మరుపు జబ్బు వచ్చింది. ఒకనాడు పొయ్యి మీద పాలు పెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడి, "ఒరేయ్ సోమూ, మన అమ్మ పేరేంట్రా?" అని అడిగింది. ఆ రోజునుంచి అతను మరో పని పెట్టుకోలేదు. నాలుగేళ్ళకు ఊతం తయారైంది.

ఊతం అంటే చెవి వెనక పెట్టుకునే చిక్కుడు గింజంత బిళ్ళ. వీధిలో ఎవరో కనిపిస్తారు. మాణిక్యాంబ మొహం ఒక్క అరక్షణం ఖాళీగా ఉంటుంది. ఆ వెంటనే, "ఏం కనకమ్మా, మీ చిన్నదానికి జ్వరం తగ్గిందా?" అంటుంది. ఆ అరక్షణంలో పనిచేసింది బిళ్ళ. మెదడు జారవిడిచినదాన్ని పట్టుకుని, అవసరమైన వేళకు తిరిగి అందిస్తుంది. అది పట్టిన జ్ఞాపకాలు ఇంట్లోని లాప్‌టాప్‌లో భద్రమయ్యేవి, అక్కడ చెరిపితే బిళ్ళలోనూ చెరిగిపోయేవి. ఎవరి జ్ఞాపకాలు వాళ్ళ ఇల్లు దాటకూడదని సోమసుందరం పట్టుదల. బిళ్ళలో ఏ మార్పు చెయ్యాలన్నా, పెట్టుకున్న మనిషే తన బొటనవేలితో పది లెక్కపెట్టేదాకా నొక్కి ఉంచాలి. వాళ్ళ ఇష్టం లేకుండా ఎవరూ తెరవకూడదని అతను పెట్టిన కట్టుబాటు అది.

ఇంత జాగ్రత్తపడ్డవాడు, మరోపక్క జాలిపడ్డాడు. తుని నుంచి అమలాపురం దాకా ముప్పై ఒక్కమంది ఊతం పెట్టుకున్నవాళ్ళు. అందరూ పెద్దవాళ్ళే. నెలకు నాలుగుసార్లు బస్సెక్కి కాకినాడ రమ్మంటే ఎలా? అందుకని ప్రతి గురువారం కేంద్రంలో పనిచేసే ఎస్తేరే అందరికీ ఫోన్ చేసేది. "లాప్‌టాప్ తెరవండమ్మా, ఇదిగో ఇక్కడ నొక్కండి, మీ తెర నాకు కనిపించనివ్వండి, ఇప్పుడు బిళ్ళ పట్టుకోండి, ఒకటి, రెండు..." పది నిమిషాల్లో పని అయిపోయేది. ముసలి ప్రాణాలకు శ్రమ తప్పింది కదా అని సోమసుందరానికి ఆ ఏర్పాటు మీద కాస్త గర్వం కూడా ఉండేది.

ఒక మంగళవారం అతను భోజనానికి ఇంటికి వచ్చేసరికి అక్క హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. చెవి దగ్గర ఫోను. అవతల ఎవరూ లేరు.

"ఎవరక్కా ఫోన్లో?" అన్నాడు.

మాణిక్యాంబ తలెత్తి చూసింది. చటుక్కున లేచి, పైట భుజాల చుట్టూ కప్పుకుంది.

"మీరెవరండీ? ఎవరు కావాలండీ?" అంది.

ఆట పట్టిస్తోందనుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. కొత్త మగవాడు ఇంట్లోకి వచ్చినప్పుడు ఆడవాళ్ళు చూసే చూపే ఆవిడ చూసింది. పుట్టి బుద్ధెరిగాక అక్క నోట "మీరు" అనే మాట అతను వినడం అదే మొదలు.

కేంద్రం వాళ్ళ గురువారం మాటలు పరిశోధన కోసం ఆవిడ ఫోనులో రికార్డయ్యేలా పెట్టి ఉంచారు. మంగళవారం ఫోను కూడా అందులో ఉంది. మూడు గంటల పది నిమిషాలు. మర్నాడు పొద్దున్నే కేంద్రంలో సోమసుందరం, ఎస్తేరు ఎదురెదురుగా కూర్చుని విన్నారు.

"నమస్కారం అమ్మా. కంప్యూటర్ సపోర్ట్ నుంచి మాట్లాడుతున్నాం. మీ కంప్యూటర్ నుంచి మాకు ప్రమాద సంకేతాలు వస్తున్నాయి." తేనె పూసినట్టున్న గొంతు.

"ఊతం వాళ్ళా బాబూ?" మాణిక్యాంబ అడిగింది.

వాడు ఆ పేరునే పట్టుకున్నాడు.

"అవునమ్మా, ఊతం నుంచే."

"ఇవాళ గురువారమా? ఎస్తేరమ్మ చెయ్యలేదేం?"

"ఎస్తేరు మేడం లీవులో ఉన్నారమ్మా. మిమ్మల్ని నన్ను చూడమన్నారు."

ఎస్తేరు రికార్డింగు ఆపేసింది. "విన్నారా సర్? వాడికి మన సంగతేం తెలీదు. ఊళ్ళో అందరికీ చేస్తున్నట్టే ఈవిడకీ చేశాడు. ఊతం పేరు ఈవిడే అందించారు, నా పేరూ ఈవిడే అందించారు."

మళ్ళీ పెట్టారు. వాడు ఆవిడచేత లాప్‌టాప్‌లో ఒక జాబితా తెరిపించాడు. "ఆ ఎర్ర గుర్తులు చూశారామ్మా? ఒక్కొక్కటీ ఒక్కో వైరస్." సోమసుందరం పళ్ళు నూరుకున్నాడు. కంప్యూటరు అన్నాక చిన్నా చితకా తడబాట్లన్నీ తనంతట తనే అలా రాసుకుంటుంది. నిన్న కొన్నదాంట్లో తెరిచి చూసినా వందలు కనిపిస్తాయి. తెలిసినవాడికి అది చెత్తబుట్ట. తెలియనివాళ్ళకు గుండె ఆగినంత పని.

"ఈ యాప్ ఒకటి వేసుకోండమ్మా, ఇక్కణ్ణుంచే బాగుచేస్తాను. ఫోన్ మాత్రం పెట్టకండి. పెడితే మొత్తం పోతుంది."

"నేను పెట్టను బాబూ. అవతలివాళ్ళు పెట్టేదాకా నేనెప్పుడూ పెట్టను."

"ఇంట్లోవాళ్ళకి చెప్పకండి. వాళ్ళ ఫోన్లకీ అంటుకుంటుంది."

"అయ్యో, మా తమ్ముడికా? వద్దు బాబూ. చచ్చినా చెప్పను."

రెండో గంటలో బ్యాంకు సంగతులు, ఫోనుకొచ్చిన ఓటీపీలు అన్నీ అడిగి తీసుకున్నాడు. మూడో గంట దాటాక, తను వచ్చిన జాడ మిగలకూడదని లాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడవబోయాడు. "ఇదేంటమ్మా, ఏదో బిళ్ళ నొక్కమని అడుగుతోంది?" అని వాడే తెల్లబోయాడు.

"నాకు తెలుసు బాబూ, ప్రతి గురువారం నొక్కేదే," అని మాణిక్యాంబ ఒకటి నుంచి పది దాకా గట్టిగా లెక్కపెట్టింది.

ఆ తర్వాతి నాలుగు నిమిషాలు సోమసుందరం ఆ ఒక్కసారే వినగలిగాడు.

"బాబూ, మా తమ్ముడు సోముడు అన్నానికొచ్చే వేళైంది," అంది మాణిక్యాంబ. కాసేపాగి, "మావాడొస్తాడు బాబూ," అంది. ఇంకాసేపాగి, "ఎవరో వస్తారు, అన్నానికి," అంది. తర్వాత చాలాసేపు ఊపిరి మాత్రమే వినబడింది. "ఎవరు బాబూ మాట్లాడేది?"

"అమ్మా?" అన్నాడు వాడు. గొంతులో తేనె లేదు. "అమ్మా, ఏమైందండీ? మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? ఎవర్నైనా పిలవండి." వెంటనే ఫోను పెట్టేశాడు.

ఎస్తేరు కన్నీళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. "వాడు దొంగని ఆవిడకెలా తెలుస్తుంది సర్? భయపెట్టిన నాలుగు మాటలు తీసేస్తే, మిగతావన్నీ గురువారం గురువారం నేను చెప్పేవే. అసలైనవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు ఫోన్ చేసి కంప్యూటర్ తెరవమని అడగరు. లోకమంతా నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతోంది. మనమొక్కళ్ళమే అడిగేవాళ్ళమని నేర్పాం."

సోమసుందరం ఫోను అందుకున్నాడు.

సైబర్ ఫిర్యాదు నంబరుకు చేస్తే పోలీసులూ బ్యాంకువాళ్ళూ కదిలారు. పోయినదాంట్లో చాలావరకు మధ్యలోనే ఆగింది. జ్ఞాపకాలను ఆపగల బ్యాంకు మాత్రం ఎక్కడా లేదు.

మిగతా ముప్పైమందికి ఏమవుతుందోనన్న కంగారులో సోమసుందరం ఆ మధ్యాహ్నమే ఒక హెచ్చరిక తయారుచేశాడు. దాన్ని నేరుగా బిళ్ళలోకి ఎక్కించాలి, ఎన్నటికీ మరవని జ్ఞాపకంగా నిలిచిపోవాలి. "మా దగ్గర్నుంచి ఇక మీకెవరూ ఫోన్ చెయ్యరు. ఊతం వాళ్ళమన్నా, కంప్యూటర్ వాళ్ళమన్నా, అయినవాళ్ళమన్నా నమ్మకండి. భయపెట్టేవాడూ, తొందరపెట్టేవాడూ, ఇంట్లో చెప్పొద్దనేవాడూ దొంగ. ఫోను పెట్టెయ్యండి. బిళ్ళ నొక్కకండి. సాయం కావాలంటే కార్డు మీదున్న నంబరుకు మీరే చెయ్యండి." ఎస్తేరు కారేసుకుని రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగింది. బయల్దేరే ముందే మాణిక్యాంబకూ ఎక్కించింది. అప్పటికి ఆవిడకు అనుమానమంటేనే తెలియదు. అడగ్గానే నొక్కేసింది. ఖాళీ అయిన బిళ్ళలో పడ్డ మొదటి జ్ఞాపకం ఆ హెచ్చరికే. దాన్ని పక్కకు నెట్టేందుకు అక్కడ మరొకటి లేదు.

తిరిగొచ్చిన మర్నాడు ఎస్తేరు పరుగెత్తుకుంటూ వచ్చింది. పదకొండు నెలల కిందట మాణిక్యాంబ బిళ్ళ మార్చినప్పుడు తీసిన నకలు ఒకటి కేంద్రంలోని పాత యంత్రంలో ఉండిపోయింది. నియమం ప్రకారం అదే రోజు చెరిపెయ్యాలి. తను మరిచిపోయింది.

"నీ మతిమరుపు చల్లగుండ!" అని సోమసుందరం రెండు చేతులూ పట్టుకున్నాడు. లెక్క వేసుకున్నాడు. జ్ఞాపకాలు పోయిన పది రోజుల్లోగా తిరిగి ఎక్కిస్తే, బిళ్ళ అందిస్తున్నంతకాలం మెదడు వాటిని తనవిగా పట్టుకుంటుంది. ఆ తర్వాత అవి ఎవరో చెప్పిన కథల్లా వినబడతాయే తప్ప తనవి కావు. పది రోజుల్లోగా ఆవిడ ఒక్కసారి, తన వేలితో, పది లెక్కపెట్టేదాకా నొక్కాలి.

"అక్కా, ఒక్కసారి నొక్కవే. నేను నీ తమ్ముణ్ణి," అన్నాడు.

"అయినవాళ్ళమన్నా నమ్మొద్దన్నారండీ," అంది మాణిక్యాంబ, మర్యాదగానే.

"ఆ మాట చెప్పింది నేనే!"

"అలాగని మీరంటున్నారు."

దొంగ ఫోను సంగతంతా చెప్పి, ఫోటోలు తెచ్చి చూపించాడు. "ఫోటోలు ఎవరైనా తేవచ్చు కదండీ," అంది. కనకమ్మను పిలిపించి చెప్పించాడు. కనకమ్మ ఎవరో కూడా ఆవిడకు తెలియదు. వండి పెడితే తినేది, చల్లబడేలోగా మీరూ తినండనేది. అతను గదిలోకి వస్తే మాత్రం చెవి వెనక చెయ్యి పెట్టుకుని గోడకేసి జరిగేది. తను నేర్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతున్న మనిషిని ఏమని తిట్టగలడు?

తొమ్మిదో రోజు గురువారం. పొద్దున్నే నకలు తెచ్చి ఇంట్లో లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఉంచాడు. ఇక నొక్కడమే మిగిలింది. ఆ రికార్డింగు, చివరి నాలుగు నిమిషాలు వదిలేసి, ఈ వారంలో ఎన్నిసార్లు విన్నాడో అతనికే లెక్కలేదు. వాడి మాటలు కంఠతా వచ్చేశాయి.

అతనేం చెయ్యబోతున్నాడో ఎస్తేరుకు అర్థమైంది. "వద్దు సర్. ఆ తర్వాత వాడికీ మనకీ తేడా ఏముంటుంది?" అంది.

"వాడు తీసుకున్నాడు. నేను ఇస్తాను," అన్నాడు సోమసుందరం.

"అడిగే పద్ధతి ఒకటే కదండీ," అని ఎస్తేరు బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

పదకొండు గంటలకు డాబా మీదికెళ్ళి, నోటికి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, కింద హాల్లో ఉన్న అక్కకు ఫోన్ చేశాడు.

"నమస్కారం అమ్మా. కంప్యూటర్ సపోర్ట్ నుంచి మాట్లాడుతున్నాం."

"మీరు దొంగ," అంది మాణిక్యాంబ. "నేను ఫోన్ పెట్టేస్తున్నాను."

"పెట్టెయ్యండమ్మా."

ఆవిడ పెట్టలేదు. పెట్టదని అతనికి ముందే తెలుసు. పెట్టెయ్యమన్న పాఠం బిళ్ళలో ఉంది. ముప్పై ఏళ్ళ అలవాటు చేతిలో ఉంది. చేతిలో ఉన్నదాన్ని ఎవరూ తుడవలేదు.

"మీరు పెట్టండి బాబూ," అంది చివరికి, బతిమాలుతున్నట్టు.

అతను పెట్టలేదు. నెమ్మదిగా మొదలుపెట్టాడు. మీ చెవి వెనక బిళ్ళలో ఒక హెచ్చరిక ఉంది కదమ్మా, అదే అసలు వైరస్ అన్నాడు. ఆ దొంగలే పెట్టిపోయారన్నాడు. అందుకే మీకు అయినవాళ్ళు కూడా దొంగల్లా కనిపిస్తున్నారన్నాడు. ఇవాళ తియ్యకపోతే రేపటికి నడవడం మరిచిపోతారు, ఎల్లుండికి మింగడం మరిచిపోతారన్నాడు. ఎవరికీ చెప్పకండన్నాడు. టైము లేదన్నాడు. ఆవిడ ఏడవడం ఫోనులోంచి వినబడింది, మెట్ల మీంచీ వినబడింది. గంటంబావు అలా ఏడిపించాడు. అతనూ ఏడుస్తున్నాడు, కాని గొంతులో తేనె మాత్రం తగ్గనివ్వలేదు.

"నొక్కుతాను బాబూ, నొక్కుతాను, ఇంకేం చెప్పకండి," అంది మాణిక్యాంబ. ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

పది అన్నాక అతను మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

హాల్లో ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. కళ్ళు తెరిచి అతన్ని చూసింది. ఒక్క అరక్షణం మొహం ఖాళీగా ఉంది.

"ఏరా సోమూ, ఇలా చిక్కిపోయావేంట్రా?"

యాభై తొమ్మిదేళ్ళవాడు అక్క ఒళ్ళో తలపెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ జుట్టు నిమిరింది, తెల్లవెంట్రుకలు ఎక్కువయ్యాయంది, కనకమ్మ పిల్లకు పెళ్ళి కుదిరిందా అని అడిగింది. అతను ఏడుస్తూనే నవ్వాడు. గెలిచాననుకున్నాడు.

నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది.

"ఇందాకటి గొంతు నీదే కదరా," అంది మాణిక్యాంబ.

అతను తలెత్తలేదు.

"ముప్పై ఏళ్ళు గొంతులు విన్నదాన్ని. నాకిప్పుడు అన్నీ గుర్తున్నాయి. ఆ తొమ్మిది రోజులూ గుర్తున్నాయి. నువ్వు గదిలోకి వస్తే వణికిపోవడం గుర్తుంది. గుడ్డ అడ్డం పెట్టుకుంటే నీ గొంతు పోల్చుకోలేననుకున్నావా?"

"నువ్వు కావాలక్కా. ఇంకో దారి లేకపోయింది."

"దారి లేకపోయిందని వాడూ అంటాడు, పట్టుకుని అడిగితే." కోపం లేదు ఆవిడ మాటలో. ఉంటే అతను తట్టుకునేవాడే. "ఒరేయ్, దొంగ భయపెడితే తెరిచాను. తమ్ముడు భయపెడితే తెరిచాను. రేపు మరొకడు. భయపెట్టినవాడికల్లా తెరుచుకునే తలుపు నా తలలో ఉండడం నాకొద్దురా."

"అక్కా, అది తీస్తే..."

"తెలుసు." బిళ్ళను రెండు వేళ్ళతో పట్టుకుని ఊడదీసి అతని అరచేతిలో పెట్టింది. "ఇంకెంతసేపుంటాన్రా నేను?"

"పొద్దుగూకేదాకా," అన్నాడు సోమసుందరం.

"చాలు. కూర్చో." అతని చెయ్యి పట్టుకుని చెప్పుకొచ్చింది. "రేపు నేను మీరెవరండీ అంటాను. తమ్ముణ్ణని చెప్పకు. ఫోటోలు తేకు. నానుంచి ఏదో కావాలని వచ్చినవాడిలా కనిపిస్తే భయమేస్తుందిరా. ఏమీ అక్కర్లేని మనిషిలా ఉండు. అప్పుడు భయపడను."

ఆ మధ్యాహ్నం ఇద్దరూ చాలా మాట్లాడుకున్నారు. తల్లి పేరు ఆవిడే రెండుసార్లు చెప్పింది. నాలుగు దాటాక ఒరేయ్ అనడం తగ్గింది. ఐదున్నరకు పైట సర్దుకుని కాస్త ఎడంగా జరిగి కూర్చుంది. సోమసుందరం లేచి దీపం వేసి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

బిళ్ళలు ఉంచుకోవాలో తీసెయ్యాలో మిగతా ముప్పైమందినీ వాళ్ళ ఇళ్ళవాళ్ళతో కూర్చుని తేల్చుకోమని మర్నాడు పొద్దున ఉత్తరాలు రాశాడు. రాసి, ఉప్మా చేసి, పళ్ళెం పట్టుకుని హాల్లోకి వెళ్ళాడు.

మాణిక్యాంబ కుర్చీలో కూర్చుని వీధికేసి చూస్తోంది. అడుగుల చప్పుడుకు తిరిగింది.

"మీరెవరండీ?"

"ఇక్కడ వంట చేస్తానండీ," అన్నాడు సోమసుందరం.

ఆవిడ అతన్ని కాసేపు తేరిపార చూసింది. పళ్ళెం అందుకుంది. చెయ్యి చెవి వెనక్కి పోలేదు.

"నిలబడ్డారేం, కూర్చోండి. మీరు తిన్నారా?"

లేదండీ అని అతను ఆవిడకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.